ఒక్క మోకాలి ధర

"ఇది ఒక మోకాలికమ్మా" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి.

టైలరమ్మకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. సగం జీవితం బట్టలు కుడుతూ గడిపిన మనిషి. చొక్కా అంటే చేతులు రెండూ కలిపే రేటు. కుడిచేతికి ఇంత, ఎడమచేతికి ఇంత అని విడగొట్టి చెప్పిన దర్జీని ఆమె ఎన్నడూ చూడలేదు. ఫోనులో క్లినిక్ వాళ్ళు మోకాలి ఇంజెక్షన్ ధర చెప్పినప్పుడు, అది జతకే అనుకుంది. ఆ ధర వినే మొన్న మంచినీళ్ళు తాగింది. షాపు మూడు నెలల అద్దె అది.

"మరి రెండో మోకాలికో?" అంది.

"దానికీ అంతేనండీ."

పక్కనున్న తోడికోడలు గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు భర్తల్ని పోగొట్టుకుని, ఒకే షాపులో ఎదురెదురు మిషన్ల మీద బతుకు లాగుతున్నారు.

"అక్కా, ముందు కూర్చో."

"కూర్చుంటే లేవలేననే కదే ఇక్కడికొచ్చింది!"

కౌంటరు అమ్మాయికి నవ్వొచ్చింది, పెదవి బిగించి ఆపుకుంది. మంచి పిల్లే. ఓపిగ్గా చెప్పుకొచ్చింది. "మీ చేతినుంచే కొంచెం రక్తం తీస్తారమ్మా. దాన్ని మిషన్లో పెట్టి గిర్రున తిప్పుతారు. ప్లేట్‌లెట్లు ఎక్కువుండే భాగం విడిపోతుంది. దాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు."

"అంటే రక్తం నాదేగా?"

"మీదేనండీ."

"గుడ్డ మనిషే తెచ్చుకుంటే మేం కుట్టుకూలీ మాత్రమే తీసుకుంటాం తల్లీ. మీరు గుడ్డ ఖరీదు కూడా వేసినట్టున్నారే!"

ఈసారి ఆ అమ్మాయి నవ్వేసింది. కానీ తర్వాత చెప్పిన మాటలకు నవ్వు ఎవరికీ రాలేదు. రక్తం తిప్పే కిట్టు విడిగా. సూది సరైన చోటికి వెళ్ళిందో లేదో చూసే స్కానింగు విడిగా. డాక్టరు ఫీజు సరేసరి. దారానికీ, గుండీలకూ, కాజాలకూ తలా ఒక బిల్లు రాసినట్టుంది. గోడ మీది బొమ్మలో మోకాళ్ళు పట్టుకోకుండా మెట్లెక్కుతున్న ఆడమనిషి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆవిడ కాళ్ళ దగ్గర, చీమ తలంత అక్షరాల్లో, ధర పక్కన 'నుంచి మొదలు' అని ఉంది. తోడికోడలు వంగి చదివి, నిటారుగా నిలబడింది.

"ఒకసారి కడితే చాలుగా?" అంది టైలరమ్మ.

"మామూలుగా మూడు సిట్టింగులు చెప్తారండీ."

అదీ ఆమెకు ముందే చెప్పారు. ఆ మూడిట్లో మొదటిదే అసలు పని, మిగతా రెండూ ట్రయల్ చూసి బిగుతుంటే వదులు చేసివ్వడం లాంటివి అనుకుంది. ఏ దర్జీ అయినా ఆ పని ఊరికే చేసిపెడుతుంది.

"మిగతావాటికీ డబ్బేనా?"

"ప్రతిసారీ కొత్త కిట్టే కదమ్మా."

మూడుసార్లు, రెండు మోకాళ్ళు. లెక్క సగంలోనే వదిలేసింది. చేతిసంచీని పొట్టకు అదుముకుంది. ఉన్నదంతా అందులోనే ఉంది. అది ఒక్క మోకాలికి, ఒక్కసారికి సరిపోతుంది.

కిందటివారమే కూతురు ఫోను చేసి తేల్చి చెప్పింది. "ఈసారి కూడా తగ్గకపోతే షాపు మూసేసి నా దగ్గరికి వచ్చెయ్యమ్మా. పిన్ని వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్తుందిలే." కూతురిది మంచి మనసే. గది కూడా సిద్ధం చేసింది. కానీ టైలరమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె ఎరిగిన విడిపోవడాలన్నీ గుమ్మం దగ్గర చిన్న సంచీతోనే జరిగాయి. అమ్మ అలాగే వెళ్ళింది. భర్త సాయంత్రానికి వచ్చేస్తానని ఆసుపత్రికి అలాగే వెళ్ళాడు. ఇప్పుడు తోడికోడలు కూరగాయలకు సంచీ తీసినా ఆమెకు లోపల ఏదో కలుక్కుమంటుంది.

లోపల డాక్టరు ఆమె మోకాళ్ళు అటూ ఇటూ వంచి చూసింది. ఎక్స్‌రే వెలుగుకు పెట్టి పట్టి పట్టి చూసింది. కూతురి వయసు ఉంటుంది.

"ఉన్నదున్నట్టు చెప్తానమ్మా. ఇది కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. అరుగుదల మొదట్లో ఉన్నవాళ్ళకు కాస్త నయం. మీవి బాగా అరిగాయి. కొన్ని నెలలు నొప్పి తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు."

"తగ్గకపోతే డబ్బు తిరిగిస్తారా?"

"ఇవ్వరమ్మా."

"కొలత తప్పితే మేమే గుడ్డ ఖరీదు ఇచ్చుకుంటాం డాక్టరమ్మా."

"మోకాలు గుడ్డలా చెప్పినట్టు వినదు కదా. మీరేం పని చేస్తారు?"

"మిషన్ తొక్కుతాను. స్కూళ్ళు తెరిచేటప్పుడయితే పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా."

డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టేసింది. "అలా అయితే వినండి. ఇంజెక్షన్ చేయించుకున్నా సరే, ఆ తొక్కుడు మానాల్సిందే. మళ్ళీ అలాగే తొక్కితే పోసిన డబ్బంతా దండగ. మిషన్‌కి మోటారు పెట్టించుకోలేదా?"

టైలరమ్మకు బయట విన్న ధరలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తొక్కడం కోసమే కదా ఇంజెక్షన్! తొక్కకూడదంటే ఇక ఆ సూది దేనికి?

తోడికోడలు ఫ్యాను వంక చూస్తూ అంది. "మోటారు ఊసెత్తితే మా అక్క కత్తెర విసురుతుంది డాక్టరమ్మా."

"ఎప్పుడు విసిరానే?"

"బల్ల మీద కొట్టావుగా. పక్క షాపువాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు."

నిజమే. మోటారు కుట్టు కుట్టే కాదని, కాలు చెప్పినట్టే గుడ్డ వింటుందని, ఆమె ఎందరికో పాఠం చెప్పింది. మిషన్ తొక్కడం నేర్పింది భర్త. ఆ తొక్కుడు ఆగితే ఆయన రెండోసారి పోయినట్టే అని లోలోపల అనుకునేది. ఆ మాట బయట ఎవరితోనూ అనలేదు.

"తొందరేం లేదమ్మా" అంది డాక్టరు. "తొడ కండకు బలం వచ్చే వ్యాయామాలు చూపిస్తాను. రెండు నెలలు తొక్కడం ఆపి చూడండి. ఇంజెక్షన్ ఎక్కడికీ పారిపోదు."

క్లినిక్ మెట్లు ఒక్కొక్కటే దిగుతూ టైలరమ్మ అడిగింది. "మోటారు ఎంతుంటుందే?"

తోడికోడలు తడుముకోకుండా చెప్పేసింది. బెల్టుతో, బిగింపు కూలీతో కలిపి. అది క్లినిక్‌లో చెప్పిన కిట్టు ఖరీదులో సగం కూడా లేదు.

టైలరమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"తెలుసులే, నడు."

షాపు తలుపు తీయగానే తోడికోడలు తిన్నగా మూలకు వెళ్ళింది. ముక్కలగుడ్డల గోనె పక్కకు లాగి, దాని వెనకనుంచి ఒక అట్టపెట్టె బయటికి తీసింది. చెంగుతో దుమ్ము దులిపింది. మూత తెరిస్తే కొత్త మోటారు. బెల్టుకు చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

"ఎప్పుడు కొన్నావే ఇది?"

"మీ అమ్మాయి నిన్ను మొదటిసారి రమ్మన్నప్పుడు."

"రెండేళ్ళయింది కదే!"

"అవును."

"మరి ఇన్నాళ్ళూ ఆ గోనె వెనక దాచి కూర్చున్నావా?"

"నీ నోటికి జడిసి. నీకు మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక అరగలేదు కదా."

టైలరమ్మ తిట్టాలని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. రెండేళ్ళు. ఎదురు మిషన్ మీద కూర్చుని, ఈమె మోకాలు పట్టుకున్నప్పుడల్లా ఆ గోనె వైపు చూసి ఉంటుంది. చేతిసంచీ ఇంకా పొట్టకే అదిమి ఉందని అప్పుడు గమనించి, బల్ల మీద పెట్టింది. మోకాలు మాత్రం పొద్దుటిలాగే సలుపుతోంది.

మిషన్ల రిపేరు మనిషి వచ్చి మోటారు బిగించి వెళ్ళాడు. టైలరమ్మ ఒక పాతగుడ్డ సూది కింద పెట్టి, అలవాటు కొద్దీ పాదం మొత్తం వేసి నొక్కింది. గుడ్డ చేతుల్లోంచి సర్రున జారి అటు పడింది.

"అమ్మో! ఆపు, ఆపవే!"

"ఆపాల్సింది నువ్వే, కాలు తియ్యి!" తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండోసారి బొటనవేలితో తాకినట్టు నొక్కింది. కుట్టు వంకరే గానీ సాగింది. మోకాలు కదలకుండానే సాగింది. ఆమె కాలి వంక, గుడ్డ వంక మార్చి మార్చి చూసింది. అంతలో బల్ల మీద ఫోను మోగింది.

"మీ అమ్మాయి" అంది తోడికోడలు. ఆ గొంతులో నవ్వు లేదు. "డాక్టరేమందని అడుగుతుంది. ఏం చెప్పను?"

టైలరమ్మ కళ్ళు సూది మీంచి తిప్పలేదు. తిప్పితే గుడ్డ మళ్ళీ పారిపోతుందని భయం.

"ఈ వంకర సరి చేసుకుని నేనే మాట్లాడతానని చెప్పు. ఆ గది ఎవరికైనా అద్దెకిచ్చుకోమను."