ఏడుగురి ఇస్త్రీ

ఆమె ఇస్త్రీ బండి పోయి ఆరు నెలలైంది. కడుపులో బొగ్గులు మాత్రం ఇంకా ఆరలేదు.

నగరంలో పొగ లేకుండా చేయాలని ప్రణాళిక వేశారు. బొగ్గు బళ్లు తీసేస్తారు; బండి పోయినవాళ్లకు కరెంటు ఇస్త్రీపెట్టె, నిలబడేందుకు చోటు ఇస్తారు. న్యాయంగానే ఉంది. కాకపోతే ఫలానా గోడ పక్కన ఈమె పనిచేసిందని ఆ ఇంటివాళ్లు చెప్పాలి. పదకొండేళ్లు ఎవరి గోడ పక్కన నిలబడిందో, ఆ మేడ యజమాని అయిన వీధి సంఘం అధ్యక్షుడు కళ్లద్దాలు సర్దుకుని "ఈవిడెవరో మాకు తెలీదండీ" అనేశాడు.

ఇళ్లలో కరెంటు వాడకం, మనుషుల లెక్క రాయడానికి గుమాస్తాకు తోడుగా వార్డు ఆడవాళ్లు కావాలన్నప్పుడు, ఆమె ఏరికోరి ఆ వీధే అడిగి పుచ్చుకుంది. బండి దరఖాస్తుకు ఈరోజే ఆఖరు.

అధ్యక్షుడి ఇంటి హాల్లో గుమాస్తా కాగితం విప్పాడు. "మీటరు లెక్కని ఇంట్లో మనుషులతో భాగిస్తాం సార్. హద్దు దాటితే డాబా సగం వీధి సౌర పలకలకు ఇవ్వాలి. ఎంతమంది మీరు?"

"ఏడుగురం."

"ముగ్గురే కదండీ" అంది ఆమె.

"నీకెలా తెలుసు? అసలు నువ్వెవరు?"

"నేను మీకు తెలీదుగా. మీరు నాకు తెలుసు."

అధ్యక్షుడి భార్య వంటింట్లోంచి దూసుకొచ్చింది. "బావుంది వరస! మా అత్తగారు, మరిది, తోడికోడలు, వాళ్ల పాప ఏమైపోయారు? పదకొండేళ్లు మా గోడ పక్కన నిలబడి ఏడుగురి బట్టలూ ఇస్త్రీ చేసింది నువ్వు కాదా?"

అధ్యక్షుడు గట్టిగా దగ్గాడు.

"దగ్గుతారేమండీ? చెప్పండి, చేసింది ఈవిడే కదా!"

"అమ్మగారి మాట ఉన్నదున్నట్టు రాసుకోండి బాబూ" అంది ఆమె, మెత్తగా.

గుమాస్తా విడి కాగితం మీద రాసి చదివాడు. "సంతకం పెడతారా అమ్మా?"

"పెడతాను, నాకేం భయం!"

సంతకమైన కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి, బండి దరఖాస్తుతో కలిపి సంచీలో దాచుకుంది. అప్పుడు తీరిగ్గా మొదలుపెట్టింది.

"అయ్యగారి చొక్కాలు, అబ్బాయిగారి ప్యాంట్లు, మీ చీరలు. ఇన్నేళ్లలో పెద్దావిడ చీర ఒక్కటి, చిన్నపిల్ల గౌను ఒక్కటి నా బల్ల మీదికి వచ్చుంటే నా చెంపలు నేనే వాయించుకుంటాను."

అధ్యక్షుడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడమ్మా... ఏడని రాసెయ్."

అమ్మా! పదకొండేళ్లలో ఆ నోట ఎప్పుడూ "ఏయ్" తప్ప మరో పిలుపు రాలేదు.

"వినపడలేదండీ. గట్టిగా చెప్పండి."

గుమాస్తా తలెత్తి చూస్తుండగా అతను మళ్లీ చెప్పాడు, బతిమాలుతూ. ఆమె చివరి మాటదాకా విని, లెక్క కాగితం మీద కలం నొక్కిపట్టి, మూడు అని రాసింది.

"డాబా తాళం ఇప్పించండి" అంది. "సగం ఎంతో కొలవాలి."