ఎజ్రా బాబాయ్ ఇంకా దిగలేదు

రోజూ మధ్యాహ్నంలాగే డోర్కస్ చిక్కుడుగింజల సూపు గిన్నెతో కాలేజీ మైదానంలో నిచ్చెన ఎక్కింది. పైన గాల్లో ఎజ్రా బాబాయ్, ఫుట్‌బాల్ బంతిని పొట్టకి హత్తుకుని, బోర్లా తేలుతూ ఉన్నాడు.

ఆమె పుట్టకముందు, పక్క ఊరి కాలేజీతో ఆడిన పోటీలో ఆయన అలా పైకి లేచాడు. బంతిని చేతుల్లో మోసుకెళ్లి అవతలి చివరి గీత దాటించే అమెరికా ఫుట్‌బాల్ అది. ఆ రోజుల్లో బంతి మోసేవాడి ప్యాంటుకి తోలు పిడులు కుట్టేవాళ్లు. తోటివాళ్లు వాటిని పట్టుకుని అతన్ని అవతలివాళ్ల తలల మీదుగా విసిరేవాళ్లు. బాబాయ్ పిడులు కుట్టింది డోర్కస్ నాన్నమ్మ. కుట్టు గట్టిది, విసురు మరీ గట్టిది. పైగా బంతి ఉన్నవాడు తన నోటితో "పడ్డాను" అని ఒప్పుకుంటేనే ఆట ఆగేది. బాబాయ్ ఒప్పుకోలేదు. అందుకే ఆ పోటీ ఇంకా సాగుతూనే ఉంది. ఆయన గీత దాటి దిగితే గెలుపు మనదే. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది గానీ సూపు మోసే పని మాత్రం డోర్కస్‌దే.

"ఉప్పెక్కువైంది" అన్నాడు బాబాయ్.

"ఏడుస్తూ వండాను మరి."

"ఏమైందే?"

"గుస్తావ్ ఈ సాయంత్రం రైలుకి నెబ్రాస్కా వెళ్లిపోతున్నాడు. పెళ్లి చేసుకుందాం, నువ్వూ రా అంటున్నాడు. వెళ్తే నీకు తిండెవరు పెడతారు? వెళ్లకపోతే నా బతుకేంటి? నాకేం పాలుపోవడం లేదు బాబాయ్."

ఆయన కింద సున్నపు గీతకేసి చూశాడు.

"నేను గీత దాటుతాననే అనుకుంటున్నావా?"

"ఊరంతా అదే అంటోందిగా."

"ఊరు కిందనుంచి చూస్తోంది. నాకిక్కణ్ణించి మొదటిరోజే తెలిసిపోయింది. జానెడు ఇవతలే పడతాను. ఏ మొహం పెట్టుకుని దిగను?"

జానెడు కోసం ఇన్నేళ్ల సూపా! జాలిపడాలో, గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలో డోర్కస్‌కి అర్థం కాలేదు.

"దిగి పక్కకి జరుగు" అన్నాడు బాబాయ్. ఆమె దిగింది.

"పడ్డాను!"

ధబ్బున పడ్డాడు. బంతి గీతకి జానెడు ఇవతల ఆగింది. దారినపోయేవాళ్లు గొల్లుమన్నారు. రొట్టెలవాడైతే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు.

బాబాయ్ కాళ్లు నడక మర్చిపోయాయి. నాన్నమ్మ కుట్టిన పిడులు పట్టుకుని డోర్కస్ ఆయన్ని లేపి కూర్చోబెట్టింది.

"నా గిన్నె నేను పట్టుకోగలను గానీ," అంటూ సూపు తీసుకుని, బంతి ఆమె చేతుల్లో పెట్టాడు. "రైలుకి వేళవుతోంది, పో!"

డోర్కస్ పరిగెత్తింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. స్టేషన్‌కి అడ్డదారి ఆ గీత మీదుగానే పోతుంది. బంతితో సహా ఆమె గీత దాటడం బాబాయ్ ఒక్కడే చూశాడు.