గుంట చుట్టూ అయిదు వందల అడుగులు

మీనాక్షి లంచ్ బాక్స్‌లో వంకాయ కూర సర్దుతోంది. హరనాథ్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే కాఫీ కోసం చెయ్యి చాపాడు.

"దేదీప్య అని, ఎమ్మెస్ చేస్తున్న పిల్లట. పరీక్షలప్పుడు నిద్ర రాకుండా వేసుకునే మాత్రలు అమ్ముతూ దొరికిపోయింది. అమెరికాలో అవి డ్రగ్స్ కిందే లెక్క."

"అయ్యో, చిన్నపిల్ల కదండీ."

"చిన్నదేంటి? పార్క్ పక్కనే కార్ ఆపుకుని అమ్మిందట. పార్క్ దగ్గరైతే శిక్ష పెంచేస్తారు."

"ఏ పార్క్?"

"మన అపార్ట్‌మెంట్ వెనకాలదే. నువ్వు పాపని తిప్పుతావే, అది."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

అది పార్కు కాదు. రోడ్ల మీది వాననీరు వచ్చి చేరడానికి తవ్విన గుంట, చుట్టూ కాస్త గడ్డి. సాయంత్రాలు స్ట్రోలర్లు తోసుకుంటూ తెలుగు ఆడవాళ్ళంతా "పార్క్‌కొస్తారా వదినా?" అని పిలుచుకోబట్టి పార్కయింది. కౌంటీ ఆఫీసులో మ్యాపులు తయారుచేసే ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, మీనాక్షి ఆ ముక్కకి పార్కుల రంగు వేసేసింది. రోజూ నోట్లో నలిగే పేరుని రికార్డులో వెతుక్కోలేదు. రంగు పడగానే కంప్యూటర్ దాని చుట్టూ అయిదు వందల అడుగుల హద్దు గీసింది. ఆ హద్దు లోపల అమ్మితే నేరం బరువు పెరుగుతుంది.

"మా ఆవిడ గవర్నమెంట్‌కి రంగులేస్తుంది" అని హరనాథ్ ఇంటికొచ్చినవాళ్ళని నవ్వించేవాడు. "దాని కోసం పిల్లని డేకేర్‌లో పడేయాలా?" అనేది అత్తగారు వీడియో కాల్‌లో. మీనాక్షి కూడా నవ్వేసేది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె మాట ఈ ఇంట్లో సోఫాని ఒక గోడ నుంచి ఇంకో గోడకి జరపలేకపోయింది. అలాంటిది, ఈ చెయ్యి ఒక్కసారి మౌస్ నొక్కితే, ముఖమైనా చూడని ఒక అమ్మాయి బతుకులోంచి ఏళ్ళు ఊడిపోతాయా? భయం వేసింది. ఆ భయం అడుగున, సిగ్గుపడాల్సినంత స్పష్టంగా, ఇంకొకటి కదిలింది: విస్మయం. పోలీసులూ లాయర్లూ అందరూ తన గీత దగ్గర ఆగి, అడుగులు కొలుచుకుంటున్నారు. మీనాక్షి కుడిచేతిని తిప్పి చూసుకుంది. గోళ్ళలో పసుపు, మణికట్టు మీద పెనం కాల్చిన పాత మచ్చ. ఇదేనా ఆ చెయ్యి?

"అది పార్క్ కాదండీ. నేనే తప్పు పెట్టాను."

హరనాథ్ ఇప్పుడు తల ఎత్తాడు. "ఎవరికైనా చెప్పావా? చెప్పకు. ఉన్న జాబ్ పోతుంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉండగా మనకెందుకు కోర్టులు? అయినా నీ బొమ్మలు ఎవడు చూస్తాడు?"

"జడ్జి చూస్తాడు."

చేతులు కడుక్కుని లాప్‌టాప్ తెరిచింది. పై అధికారికి రాసింది. ఆ స్థలం పార్కు కాదు. తప్పుగా గుర్తించింది నేను. ఈ సంగతి ఆ అమ్మాయి లాయర్‌కి ఇవాళే తెలియాలి. కోర్టులో చెప్పమన్నా చెబుతాను. రెండోసారి చదువుకోకుండానే పంపేసింది.

"నన్నొక మాట అడగొద్దా?" అన్నాడు హరనాథ్.

మీనాక్షి అతని వైపు తెల్లబోయి చూసింది. అడగాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు.