రెండు దేశాల రొయ్యల బల్ల

నేను ఒక స్టీలు బల్లని. ఏలూరులో ఒక వర్క్‌షాపులో వెల్డింగు రవ్వల మధ్య పుట్టాను. మొదట విశాఖలో చేపలు మోశాను. ఆ కంపెనీ మూతపడ్డాక భీమవరం దగ్గర గోపాలరాజుగారి రొయ్యల ఫ్యాక్టరీకి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చాను. పదేళ్లపాటు ఇరవైమంది ఆడవాళ్లు నా చుట్టూ నిలబడి, ఐసు నీళ్లలో చేతులు ముంచి, అమెరికా కోసం రొయ్యలు ఒలిచారు. అందరిలోకీ వేగం సువార్తమ్మది. అందరికంటే నిదానం మంగతల్లిది. "అలా నిమురుతా ఉంటే కంటైనరు ఎప్పటికి నిండుద్దే?" అని సువార్తమ్మ రోజూ కసిరేది.

ఒకనాడు సముద్రాల అవతల ఎవరో ఒక కాగితం మీద సంతకం పెట్టారు. మన రొయ్యల మీద సుంకం పెరిగింది. అక్కడి వ్యాపారి సరుకు పంపొద్దన్నాడు. రెండు వారాలు నా మీద ఐసు పడలేదు. ఆడవాళ్లు మాత్రం రోజూ వచ్చి నన్ను కడిగి, తుడిచి, మళ్లీ కడిగేవారు. పని లేదని ఒప్పుకోవడం మనుషులకి అంత కష్టం.

చివరికి రాజుగారు వచ్చారు. "జపాను వాళ్లు అడుగుతున్నారమ్మా. కానీ రొయ్య వంకర ఉండకూడదంట. పొట్ట కింద గాట్లు పెట్టి, తెగకుండా తిన్నగా సాగదీయాలి. శుక్రవారం వాళ్ల మనిషి వచ్చి చూస్తాడు. నచ్చకపోతే గేటుకి తాళమే."

సువార్తమ్మ కత్తి పట్టింది. మొదటి రొయ్య రెండు ముక్కలైంది. పదోదీ అంతే. నా అవతలి కొసన మాత్రం మంగతల్లి రొయ్యలు తిన్నగా, వరసగా పడుకుని ఉన్నాయి.

సువార్తమ్మ అటు చూసి కత్తి కింద పెట్టింది. తర్వాత చుట్టూ తిరిగి వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

"ఎలా చేస్తున్నావే మంగా? నాకూ చూపించు."

"తొందరపడకు పిన్నీ. వేలితో మెల్లగా అదుము, అదే సాగుద్ది."

శుక్రవారం వచ్చినాయన స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఆ కాసేపూ సువార్తమ్మ నా అంచు వదల్లేదు. ఆయన బాగుందని తలూపాడు.

ఆరు నెలలకి అమెరికా సుంకం తగ్గించింది. "మళ్లీ మన పాత పనేనమ్మా!" అన్నారు రాజుగారు సంబరంగా.

"ఎన్నాళ్లండీ?" అంది సువార్తమ్మ.

ఆవిడే మళ్లీ అంది:

"సగం బల్ల జపానుకే ఉంచండి రాజుగారూ."

ఉంచారు. ఇప్పుడు నాకు ఈ వైపు అమెరికా, ఆ వైపు జపాను. చేతులు రెండు పనులూ నేర్చుకున్నాయి. అయినా ఆఫీసు గదిలో ఫోను మోగితే చాలు, నా చుట్టూ కత్తులన్నీ ఆగిపోతాయి. ఎవరూ తలెత్తరు. రాజుగారు "హలో" అన్నాక ఆయన గొంతు ఎలా మారుతుందోనని అందరూ వింటూ ఉంటారు.