చాలు అన్న మాట

మా గైడుకి చిలక అని పేరు పెట్టింది నేనే. వాడి నోరు పడిపోను, ఏదడిగినా ఠక్కున జవాబు చెప్పేస్తాడు. తెలియదు అనడం వాడి ఒంటికి పడదు.

పాత గోదాములో ఇసుక పోసి, చుట్టూ బల్లలు వేసి, తెలుగు ముక్క రాని విదేశీ టూరిస్టుల కోసం మేం కర్రల యుద్ధం ఆడతాం. డప్పు నాది. కొట్టుకునేది మా ఆయన, మా తమ్ముడు. కర్రల చివర ఇనప పొన్నులుంటాయి, దెబ్బ మాత్రం డాలు మీదే పడాలి. ముఖాలకి తోలు ముసుగులు కావడంతో సరిగా కనపడదు. అందుకే ఎవరికి తేడా వచ్చినా "చాలు" అంటారు, రెండోవాడు కర్ర దించేస్తాడు. ఆ ఒక్క మాటని నమ్ముకుని బావాబామ్మర్దులు ఏళ్లుగా బాదుకుంటున్నారు.

ఈమధ్య ఎవరో టూరిస్టు, కింద పడ్డవాడు "చాలు" అని అరిచాడే, దానర్థం ఏంటని అడిగాడట. "చంపితే చంపు, లొంగను అని" అన్నాడు చిలక. ఆ టూరిస్టులకి తెగ నచ్చేసింది. అసలు సిసలు పాతకాలపు యుద్ధనినాదమట. మర్నాటి నుంచి ఆటకి ముందే అందరిచేతా "చాలు, చాలు" అని వల్లె వేయించడం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ మాట వాళ్ల నోట పెట్టకురా, మావాళ్ల ప్రాణం అందులో ఉంది" అన్నాను.

"ఊరుకో అక్కా, జనం ఊగిపోతున్నారు. మీరే వేరే మాట పెట్టుకోండి."

మా ఆయనతో చెబితే తేలిగ్గా తీసేశాడు. "దెబ్బ తగిలినప్పుడు కొత్త మాట ఎక్కడ గుర్తొస్తుందే? మీ తమ్ముడి గొంతు నాకు తెలీదా ఏంటి."

ఆ రోజు బల్లలు కిటకిటలాడాయి. ఆట మధ్యలో తమ్ముడి డాలు పట్టీ తెగింది. కర్ర సరాసరి భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు డప్పు మోతలోనూ నాకు వినపడింది. వాడు మోకాళ్ల మీద కూలబడి "చాలు బావా" అన్నాడు. అప్పటికే జనమంతా లేచి చాలు, చాలు అని ఒకటే కేకలు. ముసుగులో మా ఆయనకి ఏం వినపడుతుంది. డాలు అడ్డముందనుకుని కర్ర మళ్లీ ఎత్తాడు.

డప్పు విసిరికొట్టి నేనూ అరిచాను. నా నోటికీ అదే మాట వచ్చింది. వాళ్లు నన్ను చూసి ఇంకా హుషారుగా అందుకున్నారు. దెబ్బ తమ్ముడి తల మీద పడింది. మూడోది పడేలోగా మా ఆయన కాళ్లు పట్టి లాగి పడేశాను.

ముసుగు పీకేసి తమ్ముణ్ణి చూసి ఆయన గుండెలు బాదుకుని ఏడ్చాడు. వాడి చెవిలోంచి నెత్తురు కారుతోంది. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ చిలకతో ఏదో అంది.

"ఇన్నాళ్లకి నటన లేనిది చూశానంటోంది అక్కా" అన్నాడు వాడు, అలవాటు కొద్దీ.

కర్ర అందుకుని వాడి మూతి మీద కొట్టాను. పళ్లు రాలాయి. వాళ్లకి అదీ నచ్చింది.

మేమిద్దరం తమ్ముణ్ణి మోసుకుంటూ పరుగెత్తాం. వాళ్లు రెండు వైపులా బారులు తీరి, దారిచ్చి, ఒకటే చప్పట్లు. తలుపు దాటకముందే నా తమ్ముడు పోయాడు.