పదకొండో షరతు

కాగితం రాసుకుందామన్నది నేనే. పెళ్ళయ్యాక ప్రెస్సులో ఉద్యోగం మాననని, అమ్మ నా దగ్గరే ఉంటుందని ముందే రాసుకుంటే తర్వాత గొడవలుండవనుకున్నాను.

"పెళ్ళంటే నూరేళ్ళ పంటన్నారు గానీ, నూరు షరతులనలేదే తల్లీ," అంది అమ్మ బట్టలు మడతపెడుతూ. "మీ నాన్న ఏ కాగితం మీద సంతకం పెట్టి నన్ను ముప్ఫయ్యేళ్ళు భరించాడు?"

"నువ్వు పెట్టనిస్తేగా!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నన్ను చేసుకోబోయే అతనూ నవ్వుతూనే ఒప్పుకున్నాడు. అతనికి మందుల షాపుంది. "నీవీ నావీ కలిపి లాయరు చేత రాయిస్తాలే," అన్నాడు. శనివారం మధ్యాహ్నం చిత్తుప్రతి తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టాడు. అమ్మ టీ పెడుతోంది.

నా పని ప్రూఫులు దిద్దడం. ఆఖరిసారి చూసేటప్పుడు కింది నుంచి పైకి, ఒక్కో వాక్యమే చూస్తాను. అర్థం వెంట పరిగెడితే తప్పులు కంటికానవు. అలవాటు కొద్దీ దీన్నీ చివరి నుంచే మొదలుపెట్టాను.

పదకొండో షరతు: "వధువుకు బాల్యంలో వచ్చిన మూర్ఛ వ్యాధి తిరగబెట్టినచో, ఆమె ఎట్టి అభ్యంతరమూ లేక విడాకులకు సమ్మతించవలెను."

అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

పన్నెండేళ్ళప్పుడు రెండుసార్లు వచ్చింది. మళ్ళీ రాలేదు. నాన్న పోయాక అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పోయిన నెల షాపులో అతని ఎదుట నిలబడి, నోరు ఎండిపోతుంటే నేనే చెప్పాను. "పిచ్చిదానా, ఇదా ఇన్నాళ్ళూ దాచుకున్నావు? నేనుండగా నీకేం భయం?" అని మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. ఇంటికొచ్చి సంతోషం పట్టలేక ఏడ్చాను.

"ఇదేంటి?" వేలు పెట్టి చూపించాను.

"అదా? లాయర్లు మామూలుగా రాసేదే. పైన చూడు, నువ్వడిగినవన్నీ ఉన్నాయి. ఉద్యోగం, అత్తయ్యగారు, అన్నీ."

"లాయరుకి ఎవరు చెప్పారు?"

అతను నా ఎర్ర పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద గీత కొట్టాడు. "ఇదిగో, పోయింది. ఇక సంతకం పెట్టు."

గీత కింద అక్షరాలు శుభ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి. కాగితం మడిచి అతని ముందుకి తోశాను.

అమ్మ టీ కప్పుతో వచ్చి నా మొహం చూసింది. మడత విప్పి, ఎర్రగీత కిందిది కూడబలుక్కుంటూ చదివింది. కప్పు తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యి గట్టు మీద పెట్టేసింది.

"షాపు తెరిచే వేళయినట్టుంది బాబూ," అంది.