బక్కమ్మ అడిగిన డొప్పలు

కాకి వచ్చింది. శ్మశానం ప్రహరీ గోడ మీద వాలింది. మెడ అటొకసారి ఇటొకసారి తిప్పి చూసి ఎగిరిపోయింది. విస్తరి ముట్టలేదు.

ఏం తక్కువని ముట్టదు చెప్పండి! మటన్ కూర ఉంది, సర్వపిండి ఉంది, మోదుగాకు డొప్పలో కల్లు ఉంది, పక్కన చుట్టలు, తమలపాకులు కూడా పెట్టారు. బక్కమ్మ బతికుండగా ఒక్క పూటలో ఇన్ని చూసిన పాపాన పోలేదు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెట్టి, దూరం జరిగి పిట్ట కోసం చూడాలి. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో పెట్టుకుని వెళ్లినట్టు. ఆ ఏదో ఏమిటని వెతికేటప్పుడు అందరి కళ్లూ ముందుగా ఎవరి మీదికి పోతాయో వేరే చెప్పాలా? కోడలి మీదికే.

ఆ కోడలు రమ. చింతచెట్టు కింద, ఆడవాళ్లందరికీ కాస్త ఎడంగా నిలబడి ఉంది.

"ఇప్పుడు కాకులేడున్నయే, సెల్లు టవర్లు పెట్టినంక అన్ని పాయె" అన్నాడు ఒక పెద్దాయన.

"ఉన్న ఒక్కటి అచ్చి సూసి పాయె గదా మామా. మా అవ్వ ఏదో మనసుల పెట్టుకున్నది" అంది భారతి. భారతి బక్కమ్మ కూతురు, రమకు ఆడబిడ్డ. నర్సంపేట నుంచి వచ్చిన రోజు నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూడుకుపోయింది.

రమ మాత్రం ఏడవలేదు. శవం లేచినప్పుడు ఏడవలేదు, బూడిద ఎత్తిన రోజు ఏడవలేదు. అందరూ చూశారు. "రాయి లెక్కున్నది సూడు" అని ఆమెకు వినబడేట్టే అనుకున్నారు. దానికి రమకు కోపం రావాలి. అదీ రాలేదు. పన్ను పీకడానికి సూది ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. ఏదో ఒకటి వస్తే బాగుండునని ఆమె కూడా ఎదురుచూస్తోంది. కాకి ముడితే వస్తుందేమో, అత్తకు తన మీద మనసులో ఏమీ లేదని తెలిస్తే వస్తుందేమో అనుకుంది. తీరా కాకి ఎగిరిపోయె.

రమ పెనిమిటి రామలింగం గుండు మీద తడి తువ్వాల వేసుకుని విస్తరి వైపు చేతులు జోడించాడు. "అవ్వా, నీకేమన్న తక్కువైతె గుర్తుకు తేవే. తీరుస్త. జర ముట్టవే" అన్నాడు.

అప్పుడు రమకు డొప్పలు యాదికి వచ్చాయి.

బక్కమ్మ వయసులో ఉన్నప్పుడు కాశిబుగ్గలో ఒక పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుట్టేది. హోరెత్తే సాంచెల వైపు, అంటే మరమగ్గాల వైపు, ఎడమ చెవి పెట్టి కూర్చున్న మనిషికి ఆ చెవి ఎందుకు మిగులుతుంది? అది పోయింది. కుడి చెవి సగం మిగిలింది. రమ కాపురానికి వచ్చిననాటికే కొత్తవాడలోని ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా ముసలమ్మకు కుడి పక్కన నిలబడి, గొంతెత్తి చెప్పడమే అలవాటు. ముసలమ్మకు ఒక బటన్ల ఫోను ఉండేది. దాని నిండా ఒగ్గు కథలు. పొద్దూకగానే మంచంలో కూర్చుని సౌండు మొత్తం పెట్టేది. గల్లీ గల్లీ అంతా కథ వినాల్సిందే, ఇష్టమున్నా లేకున్నా.

ఒకసారి ఇద్దరూ నర్సంపేట నుంచి బస్సులో వస్తుంటే, పక్క సీట్లో కాలేజీ పిల్ల చెవుల మీద పెద్ద పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కనబడింది. బక్కమ్మ ఊరుకుంటుందా! "ఏందే బిడ్డా గవి, డొప్పల లెక్కున్నయి?" అని అడిగింది. ఆ పిల్ల మంచిది, తీసి ముసలమ్మ తలకు పెట్టి పాట వేసింది. బక్కమ్మ రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకుని, బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. "రమా, బస్సు చప్పుడే లేదే! నా చెవుల్నే ఎవలో కూసోని పాడుతాండ్లే!" అని అరిచింది.

ఇంటికొచ్చాక తనకూ కొనమంది. అందరూ నవ్వారు. "పెట్టుకోని కొత్తవాడల హీరోయిన్ లెక్క తిరుగుతవా అవ్వా" అన్నాడు రామలింగం. "కొందాం తియ్యి అత్తా" అంది రమ. కొందాం తియ్యి అన్న మాట కొన్నట్టు కాదని ఏ అత్తకు తెలియదు? ముసలమ్మ మళ్లీ అడగలేదు.

రమ ఈ సంగతి చెప్తే ఈసారి చెట్టు కింద ఎవరూ నవ్వలేదు. "మరి ఇంకా సూస్తవేందే, పోయి తేపో!" అంది భారతి. "గింతమంది ఉపాసమున్నం." అంతే, రమ ఆటో ఎక్కింది.

*

వరంగల్ చౌరస్తాలో ఫోను సామాన్ల షాపు నడిపే శ్యాంసుందర్‌కు అది బేరాల్లేని మిట్టమధ్యాహ్నం. మెట్టు కింద ఒకామె నిలబడి ఉంది, ఎంతకూ లోపలికి రాదు.

"రా అక్కా లోపట్కి. ఫ్యానున్నది."

"రాను. చెవుల మీద పెట్టుకునేటియి కావాలె. పెద్దయి. ఈడికే తెచ్చి సూపియ్యుండ్రి."

మైలలో ఉన్న మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు. అందులోనూ బోణీలు బేరాలు నడిచే షాపు. ఆ మాట రమ చెప్పలేదు. అతను అడగలేదు. పెట్టెలు నాలుగు చంకన పెట్టుకుని మెట్టు మీదికి వచ్చాడు. రమ తనకు తెలియకుండానే అతని కుడి పక్కకు జరిగి నిలబడింది.

"అగ్గువ ధరల మంచియి కావాలె!" అంది.

శ్యాంసుందర్ ఉలిక్కిపడి చెవి రుద్దుకున్నాడు. "జర మెల్లగ అక్కా, నాకు మంచిగనే వినబడుతది. ఎవలికి?"

"మా అత్తకు."

"ఔనా! మస్తు కోడలివక్కా నువ్వు" అని సంబరపడిపోయి, అతను పెట్టెలు మెట్టు మీద పరిచాడు. "సూడు, వీట్ల రెండు తీర్లుంటయి. ఇవి చెవు మీద కూసుంటయి. జరసేపైతే చెవు నొస్తది. ఇవి చెవును మొత్తం మింగుతయి. బయటి లొల్లి లోపట్కి రాది."

"మింగేటియి."

"ఫోను ఏది?"

"బటన్లది."

"పిన్ను పెట్టే బొక్క ఉన్నదా దానికి?"

ఉంది. ఆ బొక్కలో నశ్యం పొడి ఇరుక్కుంటే పిన్నీసుతో తీసేది రమే. ఆ సంగతి గుర్తుకొస్తే ఏమైనా అవుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. ఏమీ కాలేదు. "ఉన్నది" అంది.

"అట్లయితె వైరుది తీస్కో. బ్లూటూత్ అని మస్తు చెప్తరు గని దానికి ఛార్జింగ్ పెట్టాలె, ఫోనుకు కలపాలె. పెద్దోళ్లు మర్శిపోతరు. వైరుదయితె కుచ్చితె పాడుతది, గుంజితె ఊకుంటది. ఏం వింటది అత్తమ్మ?"

"ఒగ్గు కథలు."

"ఇగో, గిదే అడగాలె ముందుగాల! గీ నల్లది ధనధన కొడుతది, పోరగాండ్లు కొంటరు. కథ వినేటోళ్లకు మాట సాఫ్ రావాలె. ఈ బూడిద రంగుది మాటకు మంచిది, బరువు తక్కువ, రేటు గూడ తక్కువ. మెత్తలు బట్టయి, ఎండకాలం చెవులు చెమట పట్టయి." అతను వాటిని వంచి చూపించాడు. "ఆర్ అని రాసున్నది కుడి చెవుకు."

"ఆమెకు కుడి చెవే వినబడుతది."

"ఫికర్ లేదు. కథల మాట రెండు దిక్కుల ఒక్క తీర్గనే వస్తది." అని హెడ్‌ఫోన్స్ ఆమె తల వైపు ఎత్తాడు. "ఒకసారి పెట్టుకోని సూడు. చెప్పులు, గివి ఒక్కటే అక్కా, వేసుకోకుండ కొనద్దు."

రమ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు! నేను పెట్టుకోరాదు. ముందుగాల ఆమెనే పెట్టుకోవాలె." పోయినవాళ్లకు పెట్టేది ఎవరైనా ఎంగిలి చేస్తారా! కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడకుండా వండింది పొద్దున.

శ్యాంసుందర్ ఆమె ముఖం చూశాడు. ఇదేదో కోడళ్ల భక్తి అనుకున్నట్టున్నాడు. లోపలికెళ్లి, అదే రకంలో అందరూ పెట్టి చూసే పాత పీసు తెచ్చాడు. అది పెట్టుకుంది రమ.

చౌరస్తా మోత ఆగిపోయింది. ఆటోలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. జామపండ్లు అమ్మే ఆమె నోరు తెరిచి మూస్తోంది, మాట లేదు. శ్యాంసుందర్ పెదవులు ఏదో చెబుతున్నాయి. వారం రోజులుగా తన లోపల ఉన్నదే ఇప్పుడు బయట కూడా ఉంది. రమకు హాయిగా ఉంది అనలేం, బాధగా ఉంది అని కూడా అనలేం. తీయబుద్ధి కాలేదు, అంతే. చివరికి అతనే వేలితో ఒక డొప్ప ఎత్తి, "గట్టిగ ఒత్తుతలేదు గదా?" అని అడిగాడు.

"లేదు. కొత్తది కట్టియ్యుండ్రి."

"అత్తమ్మకు కుదరకుంటె మార్శిస్త. ఆమెనే తోల్కరా అక్కా, నేనే పెట్టి సూపిస్త."

"సరే, తోల్కొస్త" అంది రమ. నవ్వింది కూడా. ఇంత చక్కగా అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

*

శ్మశానం గోడ దగ్గర నీడలు పొడుగయ్యాయి. రమ పెట్టెను విస్తరి పక్కన పెట్టి వెనక్కి వచ్చింది. కాకి జాడ లేదు.

"డబ్బల పెడితె ఆమెకెట్ల ఎరుకైతదే? తీసి పెట్టు" అన్నాడు ఆ టవర్ల పెద్దాయన. అదీ నిజమే అన్నారు అందరూ.

రమ పెట్టె విప్పింది. కొంగు ముడిలోంచి బక్కమ్మ ఫోను తీసి వైరు గుచ్చింది. మనిషి పోయినా ఫోనులో ఛార్జింగ్ నిండుగా ఉంది. రోజూ పడుకునే ముందు పెడుతోంది రమ. ఎందుకు పెడుతున్నావని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు. కథ మొదలుపెట్టింది.

"పాడుతాందా?" అంటూ భారతి ఒక డొప్ప చెవి దగ్గరికి తీసుకోబోయింది.

"వదినే! ఎంగిలైతది!" అని రమ కేక వేసింది. గోడ అవతల మేకలు కాసే మనిషి కూడా తిరిగి చూశాడు. భారతి చేయి వెనక్కి తీసుకుంది. పాడుతోందో లేదో ఎవరికీ తెలియకుండానే రమ వాటిని విస్తరి పక్కన సర్దింది. ఆర్ అని రాసి ఉన్న డొప్పను వాళ్లందరూ నిలబడ్డ వైపు పెట్టింది.

మళ్లీ చెట్టు కిందికి వచ్చారు. రామలింగం కళ్లు మూసుకున్నాడు. చిన్నపిల్లలు ఆకలికి సణుగుతున్నారు.

కాకి వచ్చింది. ఇదివరకటిదో, వేరేదో. గోడ మీద నుంచి దిగి, బూడిద రంగు మెత్తను ముక్కుతో పొడిచింది. బట్ట చిరిగి తెల్లటి దూది బయటికొచ్చింది. తర్వాత తీరిగ్గా మటన్ ముక్క నోట కరుచుకుని పోయింది.

"ముట్టింది! ముట్టింది!" అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. భారతి పరుగున వచ్చి రమ మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. "మా అవ్వ సల్లగ పోయిందే రమా. నీ మీద ఏం పెట్టుకోలేదే" అంది.

రమ ఆమె వీపు నిమిరింది. అయిపోయింది. కోరిక తీరింది, పేరు నిలబడింది. ఇంకేం కావాలి? అయినా లోపల ఏమీ రాలేదు. నిజంగానే నేను రాయినేమో అనుకుంది.

పిట్ట ముట్టినవి ఇంటికి తేరాదు. డొప్పలను అక్కడే వదిలేసి, వైరు గుంజి, ఫోను ఒక్కటే తెచ్చుకుంది.

*

ఇంటికొచ్చి స్నానాలు చేసి అందరూ బంతికి కూర్చున్నారు. రమ వడ్డిస్తోంది. ప్రతి ఒక్కరికీ కుడి పక్కకు వచ్చి వంగి, అన్నం పెట్టి, కూర వేస్తోంది.

"మామా! ఇంకింత కూర ఎయ్యాల్నా? వదినే! చారు పోస్తానా! మానసా! గిలాసలల్ల నీళ్లు పొయ్యి!"

కూతురు మానస పక్కనే ఉంది, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నీళ్ల బిందె దించి చెవి మూసుకుంది. "అమ్మా, ఎందుకట్ల ఒర్రుతానవ్?" అంది. విసుగేమీ లేదు ఆ పిల్ల గొంతులో, అలసట తప్ప. "మెల్లగ చెప్పు. ఇప్పుడు ఇంట్ల అందరికి వినబడుతది."

రమ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

నిజమే. ఇప్పుడు ఇంట్లో అందరికీ వినబడుతుంది.

"కూర..." అంది మెల్లగా. ఆ గొంతు తనది కాదు. ఈ ఇంట్లో ఇంత మెల్లగా తను ఎన్నడూ మాట్లాడలేదు. ఎంత చిన్నగా మాట్లాడాలో, ఎక్కడ నిలబడి మాట్లాడాలో కూడా ఆమెకు తెలియలేదు. తల తిప్పి చూసింది. మూలకు మంచం నిలబెట్టి ఉంది. ఆ మంచానికి కుడి పక్క నేల, తను నిలబడీ నిలబడీ నున్నబడ్డ జాగా, ఖాళీగా ఉంది.

గరిటె కింద పడింది. రమ వెళ్లి ఆ జాగాలో నిలబడింది.

"అత్తా!" అని పిలిచింది. బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. "అత్తా! కాకి ముట్టిందే! డొప్పలు మంచిగున్నయా అత్తా! వినబడుతాందా?"

అప్పుడు వచ్చింది ఏడుపు. గొంతు తగ్గించుకొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు.